ఇరవై మూడు సెకన్లు

"ఇంకా ఎంతసేపమ్మా?" అని జీవరత్నం అడగడం అది నాలుగోసారి.

"అయిపోవచ్చిందండి మేడంగారు. ఆ ఎర్ర లైటు ఆరాలండి," అని సువర్ణ చెప్పడమూ నాలుగోసారే.

కంప్యూటర్ పెట్టె ముందు మిణుకుమిణుకుమంటున్న ఎర్ర లైటు ఆరలేదు. గోడ గడియారం పది గంటల మూడు నిమిషాలు చూపిస్తోంది. దుమ్ము పడకూడదని జీవరత్నం చేత చెప్పులు గుమ్మం బయటే విప్పించారు. చేతిసంచీ కూడా బయటే పెట్టించారు. ఏసీ చలికి ఆమె అరికాళ్ళు జివ్వుమంటున్నాయి. ఇన్ని మర్యాదలు చేయించుకున్న యంత్రం, అడిగిన ఒక్క ముక్కకి జవాబు చెప్పడానికి మాత్రం పెద్ద దొరలా నాన్చుతోంది.

ఇరవై రెండేళ్ళు అమలాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని, సూపర్‌వైజరుగా ఉండగా ఉద్యోగానికి నమస్కారం పెట్టి, ఇంటి వీధరుగు మీద 'ప్రైవేటు డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకున్న మనిషి జీవరత్నం. పెళ్ళి సంబంధాల ఆరాలు తీయడం, పోయిన సైకిళ్ళు వెతకడం రోజువారీ పని. అప్పుడప్పుడు మాత్రం అసలైన కేసు గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. నిన్న సాయంత్రం అలా వచ్చి కూర్చున్నది వీరాయమ్మ. ఆమె ఒక్కగానొక్క కొడుకు లోవరాజు ఈ గౌతమీ సర్వే కంపెనీలో కంప్యూటర్ ఆపరేటరు. పల్లెల్లో తవ్విన బోర్లలోంచి గ్యాసు వస్తోందేమో మీటరు పెట్టి చూడటం, ఆ అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించడం అతని పని. సోమవారం పొద్దున చద్దన్నం తిని వెళ్ళినవాడు బుధవారం సాయంత్రానికీ ఇంటికి రాలేదు.

"మా వోడు నాకు చెప్పకుండా రాజోలు కూడా వెళ్ళడమ్మా," అంది వీరాయమ్మ. ఏడవలేదు. ఆ ఒక్క మాటే మూడుసార్లు చెప్పింది.

ఇవాళ గురువారం.

స్క్రీను మీద ఆకుపచ్చ అక్షరాల్లో ఆఖరి లైను వచ్చింది. మొత్తం అరవై ఒక్క ఫైళ్ళు.

"ఇంతేనా? ఈ అరవై ఒక్కటి చూపించడానికి ఇంత భాగోతమా?"

సువర్ణ బిక్కమొహం వేసింది. ఆ పిల్ల ఈ ఉద్యోగంలో చేరి నెల్లాళ్ళు. "ఇది కొత్తపేట డైరెక్టరీ అండి. ఒక్కో ఏరియా ఫైళ్ళు పెట్టుకోడానికి ఒక్కో అరలాంటిదన్నమాట. రాజోలు, ఆలమూరు నేను చూస్తానండి. కొత్తపేట మాత్రం లోవరాజుగారే చూసుకునేవారు. నేనెప్పుడూ తెరవలేదండి. ఇంత నిదానంగా ఉంటదని నాకూ తెలీదు."

"మెషినే అంతండి, ముసల్దయిపోయింది," అన్న మాట గుమ్మంలోంచి వినబడింది.

మేనేజరు బంగారరాజు. నలగని తెల్ల చొక్కా, నలగని చిరునవ్వు. "పదకొండింటికి రాజమండ్రి నుంచి మెకానిక్ వస్తున్నాడండి. డిస్కు మొత్తం కడిగేసి కొత్తగా మొదలెడతాడు. అప్పుడు చూడండి, గుర్రంలా పరిగెడుతుంది."

"కడిగేస్తే ఇందులో ఉన్నవన్నీ?"

"కావలసినవి కాయితం మీద ఉన్నాయండి."

కావలసినవి ఏవో తేల్చేది ఎవరు అని అడగబోయి, జీవరత్నం ముందు అడగాల్సింది అడిగింది. "లోవరాజు ఈ గదిలోంచి ఎప్పుడు వెళ్ళేడండీ?"

"సోమవారం సాయంత్రం అయిదున్నరకండి. సెలవడిగేడు. పని ఉంది, కుదరదన్నాను. తాళం నా చేతిలో పడేసి వెళ్ళిపోయేడు. కుర్రతనం కదండీ."

"తాళాలు ఎన్ని?"

"ఒక్కటే. అప్పట్నించీ నా జేబులోనే ఉంది."

"సోమవారం అయిదున్నర తరవాత ఈ గది ఎవరు తెరిచేరు?"

"ఎవరూ తెరవలేదండి. ఈ అమ్మాయి మంగళ, బుధ సెలవు. ఇదిగో, ఇవాళ తొమ్మిదింటికి నేనే తెరిచేను. అదీ మీరొస్తానన్నారని."

"కొత్తపేటలో ఎన్నాళ్ళ నించి పని చేస్తోందండీ మీ కంపెనీ?"

"ఈ నెల ఒకటో తారీకు నించండి. అందుకే అరవై ఒక్క ఫైళ్ళే ఉన్నాయి." బంగారరాజు చిరునవ్వు ఇంకొంచెం వెడల్పయింది. "మేడంగారూ, తప్పుగా అనుకోకండి. కుర్రాణ్ణి వెతకాలంటే బస్టాండుల్లో వెతకాలి గానీ కంప్యూటర్లో ఏం వెతుకుతారండీ?"

అతను పక్కగదిలోకి వెళ్ళాక జీవరత్నం కుర్చీ ముందుకి జరుపుకుంది. ఆమెకి విసుగొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఎక్స్ఛేంజీలో ఆ గొంతు తగ్గిందంటే ఆపరేటర్లందరూ వీపులు నిటారుగా పెట్టుకునేవారు.

"సువర్ణా, ఈ రోగం ఎక్కడుందో చూద్దాం. ఓల్టేజీ?"

"స్టెబిలైజరుందండి. రెండొందల ఇరవై."

"డిస్కు నిండిపోయిందా?"

"సగం పైన ఖాళీయేనండి."

"అయితే వేరే డైరెక్టరీ తెరువు. ఉత్తరాలు."

ఉత్తరాల డైరెక్టరీలో రెండొందల పన్నెండు ఫైళ్ళున్నాయి. జీవరత్నం వాచీలో సెకన్ల ముల్లు చూసింది. పేర్లు గడగడా పైకి జరిగాయి. ఆఖరి పేరు పడటం, మొత్తం లెక్క పడటం ఒక్కసారే జరిగాయి. పద్నాలుగు సెకన్లు. తరవాత రాజోలు. అందులో తొమ్మిదొందల చిల్లర. నిమిషం దాటింది, కానీ ఆ నిమిషమంతా పేర్లు వస్తూనే ఉన్నాయి. ఆఖరి పేరు వెంటనే లెక్క వచ్చేసింది.

"ఇప్పుడు కొత్తపేట."

నాలుగు సెకన్లలో అరవై ఒక్క పేర్లూ వచ్చేశాయి. అక్కడ ఆగింది. ఎర్ర లైటు మిణుకుమంటోంది. లోపల ఎలక పళ్ళు నూరుతున్నట్టు చప్పుడు. పది సెకన్లు. పదిహేను. ఇరవై. ఇరవై మూడో సెకనులో లెక్క పడింది.

"మళ్ళీ," అంది జీవరత్నం.

మళ్ళీ ఇరవై మూడే.

"ఇంకోసారి."

"మేడంగారండీ..."

"ఇంకోసారమ్మా."

ఇరవై మూడు.

జీవరత్నం వాచీ మీంచి చూపు తీసింది. మెషిను ముసల్దయితే అన్నిచోట్లా ముసల్దవ్వాలి. ఒక్క అరలో మాత్రమే ముసల్దవ్వదు. "ఉన్న పేర్లన్నీ నాలుగు సెకన్లలో చదివేసింది కదా. మిగతా పందొమ్మిది సెకన్లూ ఏం వెతుకుతోంది?"

సువర్ణ స్క్రీను వైపు వంగి చూసింది.

"మా ఎక్స్ఛేంజీలో ఒకాయన ఫోను తీసేయించుకున్నాడనుకో. బోర్డు మీద ఆయన నంబరు చీటీ పీకేస్తాం. కన్నం మాత్రం అలాగే ఉంటుంది. కొత్తగా చేరిన పిల్ల ప్రతి కన్నం మీదా వేలు పెట్టి, ఇది ఉందా, ఇది ఉందా అనుకుంటూ చివరిదాకా పోతుంది. ఖాళీ కన్నాలకీ టైము పడుతుంది."

"అయ్యబాబోయ్," అంది సువర్ణ. కళ్ళు పెద్దవయ్యాయి. "మా కాకినాడ కోర్సులో చెప్పేరండి! ఫైలు చెరిపేసినా దాని పేరు పూర్తిగా పోదండి. మొదటి అక్షరం ఒక్కటే కొట్టేస్తుంది. అది మనకి కనబడదు గానీ, అక్కడే పడుంటుందండి. మెషిను మాత్రం దాన్ని దాటుకుంటూనే పోవాలి. పందొమ్మిది సెకన్లంటే... వేలల్లో ఉండాలండి!"

"ఈ నెల ఒకటో తారీకున మొదలైన పనికి వేల ఫైళ్ళెక్కడివి?"

సువర్ణ జవాబు చెప్పేలోగా బయట బూట్ల చప్పుడైంది. ఆ బూట్లు గుమ్మం బయట ఆగలేదు. వాటిని విప్పమనే ధైర్యం ఎవరికీ లేదు.

సర్కిల్ ఇన్స్‌పెక్టర్ కాశీవిశ్వనాథం లోపలికి వచ్చి, టోపీ తీసి, టేబులు మీద పెట్టాడు. వెనక ఒక కానిస్టేబులు, ఆ వెనక బంగారరాజు. పోయినేడు జొన్నాడ లారీ కేసులో ఇన్స్‌పెక్టరు మూసేసిన విచారణ జీవరత్నం తెరిపించింది. ఆ సంగతి జిల్లా ఎస్పీ దాకా వెళ్ళింది. ఇన్స్‌పెక్టరు దాన్ని మరిచిపోలేదు, ఆమె మరిచిపోనివ్వలేదు.

"ఏంటండీ రత్నంగారూ, ఫోన్లు కలపడం అయిపోయింది, ఇప్పుడు కంప్యూటర్లు కలుపుతున్నారా?"

"మీరు తెంపినవే కలుపుతున్నానండి."

"వీరాయమ్మ ఫిర్యాదు మా స్టేషన్లో ఉంది. విచారణ అయిపోయింది. కుర్రోడు మంగళవారం పొద్దున హైదరాబాదు బస్సెక్కేడు. ఈ మేనేజరుగారి మనిషే చూసేడు. మీరిక్కడ కూర్చుని ఆఫీసు పని చెడగొడుతున్నారని కంప్లయింటొచ్చింది. లేవండి."

"లేస్తానండి. సువర్ణా, ఆ జాబితా ప్రింటు తియ్యి."

"లేవండన్నాను."

"ప్రింటు రాగానే లేస్తాను. ఈ మెషిను నిదానం నా తప్పు కాదు కదండీ."

ప్రింటరు కీచుమంటూ మొదలైంది. ఇన్స్‌పెక్టరు నిట్టూర్చి కుర్చీ లాక్కున్నాడు. బంగారరాజు గడియారం వైపు చూశాడు. పదీ ఇరవై రెండు.

కాగితం చేతికి రాగానే జీవరత్నం దాన్ని ఇన్స్‌పెక్టరు ముందు పరిచింది. "ఇందాకటి నించీ పేర్లు చూసేనుగానీ వాటి పక్కనున్నవి చూడలేదు. ఎంత తెలివితక్కువదాన్నో! ప్రతి ఫైలు పక్కనా అది రాసిన తారీకు, టైము ఉంది. చదవండి."

ఇన్స్‌పెక్టరు అయిష్టంగానే వేలు పెట్టాడు. వేలు ఒక్కో లైనూ దిగుతున్నకొద్దీ నిదానమైంది. "పదిహేడో తారీకు... పదిహేడు... అన్నీ పదిహేడే."

"నిన్న. బుధవారం. మొదటిది పొద్దున ఆరూ యాభై రెండుకి, ఆఖరుది ఎనిమిదీ పదికి. డెబ్బై ఎనిమిది నిమిషాల్లో అరవై ఒకటి. పేర్లు చూస్తే మే ఒకటో తారీకు రీడింగు, రెండో తారీకు రీడింగు అని ఉన్నాయి. పదిహేడు రోజుల రీడింగులు ఒక్క పొద్దుట్లో కూర్చుని ఎవరో టైపు కొట్టేరండి."

"ఆ మెషిను గడియారం తప్పండి," అన్నాడు బంగారరాజు.

సువర్ణ మీటలు నొక్కింది. "పదీ ఇరవై అయిదండి," అంది సన్నని గొంతుతో. గోడ గడియారమూ పదీ ఇరవై అయిదే.

"అయితే ఆ లోవరాజే మారుతాళంతో వచ్చుంటాడండి. నేనప్పుడే అనుకున్నాను."

"చూసేరా, వాడే!" అన్నాడు ఇన్స్‌పెక్టరు.

జీవరత్నానికి తల బాదుకోవాలనిపించింది. "సి.ఐ. గారూ, ఒక్క నిమిషం ఆలోచించండి. బుధవారం పొద్దున ఏడింటికి వాడు ఈ కుర్చీలో ఉంటే, మంగళవారం హైదరాబాదు బస్సెక్కిందెవరు?"

ఇన్స్‌పెక్టరు మీసం మీద వేలు ఆగిపోయింది. ఆయన మందబుద్ధి కాదు. తనకి చెప్పిన మాట నమ్మి తేలిగ్గా ఫైలు మూసేసే బద్ధకం ఉన్నవాడు, అంతే. కానీ తనని నమ్మించి మోసగించారంటే మాత్రం అస్సలు ఊరుకోడు. మెల్లిగా బంగారరాజు వైపు తిరిగాడు.

"ఆ బస్సు సంగతి నాకు చెప్పించింది మీరు కదండీ?"

"మా మనిషి పొరబడ్డాడేమోనండి..."

"సువర్ణా," అంది జీవరత్నం, "ఆ కనబడని పేర్లు చూసే మార్గం ఏదైనా ఉందా?"

"ఒక ఫ్లాపీ ఉందండి. చెరిగిపోయినవి తిరిగి తెచ్చేది. లోవరాజుగారే తెచ్చేరు."

"బయటి ఫ్లాపీలు పెట్టకూడదు! వైరస్సులొస్తాయి!" బంగారరాజు గొంతులో మొదటిసారి చిరునవ్వు పోయింది.

"పెట్టమ్మా," అన్నాడు ఇన్స్‌పెక్టరు.

ఫ్లాపీ లోపలికి వెళ్ళింది. గరగరమంది. స్క్రీను మీద పేర్లు రావడం మొదలైంది, ఒక్కోదానికీ మొదటి అక్షరం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం. తలలు తీసేసిన పేర్లు. పది, ఇరవై, వంద. తారీకులు పోయినేడు ఆగస్టు నించి ఉన్నాయి. జీవరత్నం ముందుకి వంగింది. మూడొందలు...

గదంతా చీకటైంది. ఏసీ ఆగింది. స్క్రీను నల్లబడింది.

"కరెంటు పోయినట్టుందండి," అంది బంగారరాజు గొంతు తలుపు పక్కనించి.

వరండాలో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"కరెంటు పోలేదండి. మీ చెయ్యి మెయిన్ స్విచ్చి మీద ఉంది," అంది జీవరత్నం. గొంతు ఎంత తగ్గిందంటే సువర్ణ కుర్చీలో నిటారుగా అయిపోయింది.

ఇన్స్‌పెక్టరు లేచాడు. బంగారరాజు చెయ్యి స్విచ్చి మీంచి తీయించి, భుజం పట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, స్విచ్చి వేసి, తన వీపు దానికి ఆనించి నిలబడ్డాడు. "మళ్ళీ మొదలెట్టమ్మా. ఇప్పుడెవరు ఆపుతారో చూస్తాను." కానిస్టేబులు బంగారరాజు పక్కన నిలుచున్నాడు. బయట రిక్షా దిగుతున్న రాజమండ్రి మెకానిక్‌ని వరండా బల్ల మీదే కూర్చోమన్నారు.

మళ్ళీ మొదటినించి. మెషిను మేలుకోడానికి నిమిషం. ఫ్లాపీ చదవడానికి రెండు నిమిషాలు. జీవరత్నం పళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. ఇరవై రెండేళ్ళు జనాన్ని 'లైనులో ఉండండి' అంటూ కూర్చోబెట్టిన పాపం ఇప్పుడు ఒక్కసారిగా తీరుస్తున్నట్టుంది.

పదీ నలభై ఆరుకి జాబితా పూర్తయింది. చెరిపేసిన ఫైళ్ళు మూడు వేల ఎనిమిదొందల పద్దెనిమిది.

"ఒకటో తారీకున మొదలెట్టేరా పని?" అన్నాడు ఇన్స్‌పెక్టరు.

"ఇన్ని చదవాలంటే రేపు సాయంత్రం అవుతుందండి," అంది సువర్ణ.

"అన్నీ అక్కర్లేదు. సైజు చూడు." జీవరత్నం వేలు స్క్రీను మీద ఆ గళ్ళ వెంట దిగింది. "నూట ఇరవై ఎనిమిది, నూట ఇరవై ఎనిమిది, నూట ఇరవై ఎనిమిది. రీడింగు అంటే నాలుగు అంకెలు, అన్నీ ఒక్క కొలతే. వీటిలో ఒళ్ళు చేసినది ఏదైనా ఉందా?"

సువర్ణ పేజీలు జరిపింది. జరిపి, జరిపి, ఆగింది. "ఇదిగోనండి. పద్నాలుగో నంబరు బోరు. రెండు వేల మూడొందల నాలుగు. సోమవారం, పదిహేనో తారీకు, సాయంత్రం అయిదూ పది."

"అయిదున్నరకి వెళ్ళిపోయినవాడు అయిదూ పదికి రాసేడు. తెరువు."

మెషిను మొదటి అక్షరం అడిగింది. కొత్తపేట ఫైళ్ళన్నిటికీ మొదట కె ఉంటుంది. సువర్ణ కె నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది.

అంకెలు కావు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. సువర్ణ కూడబలుక్కుంటూ చదివింది.

"ఇది ఎవరైనా చూస్తే వెంటనే పెద్దవాళ్ళకి చెప్పండి. పద్నాలుగో నంబరు బోరు ఈదరమెరక ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఉంది. ఆగస్టులో మీటరు ముల్లు కదల్లేదు. జనవరి నించి ఎక్కుతోంది. ఈరోజు పొద్దున ఎర్ర గీత దాటింది. నీళ్ళతోపాటు గ్యాసు బుసబుసమంటోంది. ఈ మాట పైకి తెలిస్తే బోర్లన్నీ మూయించి పని ఆపేస్తారని మేనేజరుగారు నన్ను రాయొద్దన్నారు. ఇప్పటిదాకా రాసినవన్నీ చెరిపెయ్యమన్నారు. నేను చెరపను. గురువారం ఆ బడిలో పెళ్ళివారికి విడిది ఇచ్చేరు. బోరు పక్కనే గాడిపొయ్యి తవ్వుతారు. రేపు నేనే వెళ్ళి ఆ పొయ్యి..."

సువర్ణ ఆగిపోయింది. "అక్కడితో ఆగిపోయిందండి."



"గురువారం," అంది జీవరత్నం. "ఇవాళ." పదీ యాభై నాలుగు. మధ్యాహ్నం భోజనాలకి వంట ఈపాటికే పొయ్యెక్కి ఉండాలి. గాడిపొయ్యి అంటే బారెడు గోతిలో బండెడు కట్టెలు. నేలలోంచి గ్యాసు వస్తున్నచోట.

ఆమె అప్పటికే ఫోను ఎత్తింది. "ఎవరే బోర్డు మీద? అమ్మాజీ, నేను రత్నాన్ని. ఈదరమెరక పోస్టాఫీసు కావాలి. కొత్తపేట మీదుగా ఇవ్వు."

"కొత్తపేట లైను బిజీ అక్కా. పది నిమిషాలు..."

"ఎవరు మాట్లాడుతున్నా తెంపెయ్యి. తిడితే నా పేరు చెప్పు."

టక్కుమంది. గరగరమంది. దూరంగా గంట మోగడం వినబడింది. మోగుతూనే ఉంది. ఇన్స్‌పెక్టరు స్విచ్చి దగ్గర్నించి రెండడుగులు ముందుకొచ్చి, గుర్తొచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. పదిహేనో గంటకి ఎవరో ఎత్తారు. ఆ గొంతు గదంతా వినబడేటంత పెద్దది.

"ఆయ్, ఈదరమెరక పోస్టాఫీసండి. పోస్టుమాస్టరు నూకయ్యనండి."

"నూకయ్యగారూ, మీ ఊరి బళ్ళో పెళ్ళివారు దిగేరా?"

"దిగేరండి, ఆయ్. కాకినాడోళ్ళండి."

"గాడిపొయ్యి వెలిగించేరా?"

"ఎక్కడండీ! అదే గొడవండి పొద్దున్నించీ. తలకి గుడ్డ కట్టుకున్న కుర్రోడొకడు తెల్లారేసరికి వచ్చి బోరు దగ్గర తిష్ట వేసేడండి. అగ్గిపుల్ల గీస్తే ఊరంతా పోతుంది, ముందు నన్ను చంపి గియ్యండని రంకెలండి. వంటోళ్ళు భయపడిపోయి పొయ్యి తీసుకెళ్ళి అవతల తోటలో తవ్వుకున్నేరు. ఇంకా అన్నం ఉడకలేదండి. మగపెళ్ళివారు మామీద కారాలూ మిరియాలూ నూరుతున్నేరు."

జీవరత్నం కళ్ళు మూసుకుని తెరిచింది. "ఆ కుర్రాడి పేరు లోవరాజా?"

"ఆయ్, అదేనండి! ఎవరో కొట్టి మోటారు షెడ్డులో పడేసి తాళం వేసేరంటండి. మూడ్రోజులు. వెనక తడిక ఊడబీక్కుని వచ్చేనన్నాడు."

ఇన్స్‌పెక్టరు రెండు అంగల్లో ఫోను దగ్గరికి వచ్చేశాడు. సువర్ణ చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తోంది. జీవరత్నానికి వీరాయమ్మ గుర్తొచ్చింది. ఇప్పుడే కబురు పంపాలనుకుంది.

"నూకయ్యగారూ, అతన్ని ఫోను దగ్గరికి పిలవండి. వాళ్ళమ్మకి చెప్పాలి."

"ఇప్పుడే వెళ్ళిపోయేడండి. వాళ్ళ కంపెనీ జీపే వచ్చిందండి. ముగ్గురొచ్చేరు. తలకి దెబ్బ తగిలింది కదా, ఆసుపత్రిలో చూపిస్తామన్నేరు. కుర్రోడు ఎక్కనని గింజుకున్నేడుగానీ, జ్వరం మీదున్నేడు, ఏం మాట్లాడుతున్నేడో తెలీట్లేదని వాళ్ళే ఎత్తి పడుకోబెట్టేరు."

"ఎంతసేపైంది?"

"మీ ఫోను మోగుతుంటేనే వెళ్ళిందండి. అది చూస్తూనే నేను ఫోను ఎత్తడం ఆలస్యమైంది."

"ఎటు వెళ్ళింది?"

"ఏటిగట్టు ఎక్కిందండి. జొన్నాడ వైపు."

ఇన్స్‌పెక్టరుకి అది చాలింది. "రావులపాలెం స్టేషనుకి చెప్పి వంతెన మూయిస్తాను. జీపు అక్కడికి చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పట్టేసినట్టే!" జీవరత్నం చేతిలోంచి రిసీవరు తీసుకోబోయాడు.

స్టూలు మీంచి బంగారరాజు తలెత్తాడు. నలగని చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. అతని మొహంలో భయం లేదు. అన్నీ అయిపోయాక మనిషికొచ్చే విసుగు ఉంది.

"వంతెన దాకా ఎందుకెళ్తుందండీ జీపు?" అన్నాడు.

కాశీవిశ్వనాథం చెయ్యి గాలిలో ఆగిపోయింది. మరుక్షణం ఆ చెయ్యి బంగారరాజు కాలరు మీద ఉంది. "ఎక్కడ ఆపమన్నావురా? ఏ రేవులో? చెప్పు!"

బంగారరాజు చెప్పలేదు. ఇంక చెప్పడని జీవరత్నానికి తెలిసిపోయింది. ఆ గట్టు పొడుగునా ఎన్ని రేవులున్నాయో, ఏ రేవులో ఎన్ని పడవలున్నాయో ఎవరు లెక్కపెట్టాలి? పోలీసు జీపు ఇక్కణ్ణించి బయల్దేరి అక్కడికి చేరేసరికి గంట. ఆమె రిసీవరు ఇవ్వలేదు. రెండు చేతులతో పట్టుకుంది.

"నూకయ్యగారూ, ఉన్నారా?"

"ఉన్నానండి, ఆయ్."

"ఆ పెళ్ళివారు ఎంతమంది ఉంటారండీ?"

"ఏమిటండీ?"

"పెళ్ళివారండీ! మగపెళ్ళివారు, ఆడపెళ్ళివారు, వంటవాళ్ళు, అందరూ కలిపి."

"రెండొందల యాభైకి తక్కువుండరండి. రెండు బస్సులూ, ఒక లారీ, సైకిళ్ళు లెక్కలేవు. అందరూ ఆకలి మీద చిర్రుబుర్రులాడుతున్నేరండి, ఆయ్."

"మంచిది," అంది జీవరత్నం. "ఆ కుర్రాడు ఇందాక బతికించింది వాళ్ళనేనని చెప్పండి. చెప్పి, ఒక్కరు మిగలకుండా అందర్నీ ఆ జీపుని ఆపడానికి ఏటిగట్టు మీదకి పంపండి."